విశ్వవిద్యాలయ ఆవరణ ఎవరిది?

ప్రవేశాల కాలం వచ్చిందంటే మా కోనరావుపేట మండలం నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. సిరిసిల్లలోనో వేములవాడలోనో డిగ్రీ ముగించినవారు, గురుకులంలో చదివి మంచి ర్యాంకు తెచ్చుకున్నవారు, వారికంటే ఎక్కువగా వారి తల్లిదండ్రులు. ఉస్మానియా మేలా, గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయం మేలా, ఐఐటీలో సీటు వస్తే ఏం చేయాలి అన్నవి మామూలు ప్రశ్నలు. బీడీలు చుట్టి బిడ్డను చదివించిన ఒక తల్లి మాత్రం గత ఏడాది వీటిలో ఏదీ అడగలేదు. ‘అక్కడ మనోళ్లు ఉంటరా సారూ?’ అని అడిగింది.

జాతీయ ర్యాంకుల పట్టికలో ఈ ప్రశ్నకు గడి లేదు. ఎన్ఐఆర్ఎఫ్ లెక్కలో బోధన, వనరులకు 30 శాతం, పరిశోధనకు 30, చదువు పూర్తిచేసినవారి ఫలితాలకు 20, సమాజంలోని అన్ని వర్గాలకూ అందుబాటులో ఉన్నందుకు 10, పేరుప్రతిష్ఠలపై ఇతరుల అభిప్రాయానికి మరో 10. అందుబాటు అనే ఆ పదిలోనే ఇతర రాష్ట్రాల విద్యార్థులు, మహిళలు, ఆర్థికంగా సామాజికంగా వెనుకబడినవారు, దివ్యాంగులకు సదుపాయాలు అన్నీ సర్దుకోవాలి. గేటు దాటి లోపలికి వచ్చిన విద్యార్థి ఎవరి పక్కన కూర్చుని తింటున్నాడో, తొలి ఏడాది చివరికి ఇంకా అక్కడే ఉన్నాడో లేదో ఆ మార్కులు చెప్పవు. తల్లిదండ్రులకు సంస్థలు పంపే రంగుల పుస్తకాల్లో చెట్లు, చెరువులు, ఈత కొలను కనబడతాయి. నేను రెండు రకాల ఆవరణల్లోనూ చదివాను, పాఠం చెప్పాను. ఆవరణ అంటే ఆ చిత్రంలో కనబడని భాగమేనని నా అనుభవం.

ఉస్మానియానే తీసుకుందాం. 1918లో నిజాం ఫర్మానాతో ఉర్దూ మాధ్యమంలో మొదలైన విశ్వవిద్యాలయం అది. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనం ముందు నిలబడితే ఎవరికైనా తల ఎత్తి చూడవలసి వస్తుంది. కానీ ఆ ఆవరణ గుండా నగరం నడిచిపోతుంది. తార్నాక నుంచి విద్యానగర్ వైపు వెళ్లే వాహనాలు అందులోంచే వెళతాయి. పక్కనే వడ్డెర బస్తీగా పిలిచే మాణికేశ్వరినగర్ ఉంది. గ్రంథాలయంలో, చెట్ల కింద పోటీ పరీక్షల పుస్తకాలతో కూర్చున్నవారిలో చదువు ఎప్పుడో ముగించినవారు చాలామంది. హాస్టల్ గదిలో ఇద్దరి చోట నలుగురు ఉండే ‘నాన్ బోర్డర్’ సంప్రదాయం ఎంత ఇరుకైనదో, అంత మందిని చదువులో నిలబెట్టింది. మెస్ అన్నం, నీళ్లు, మరుగుదొడ్ల గురించి ధర్నా జరగని సంవత్సరం నాకు గుర్తులేదు. అయినా సిరిసిల్ల నుంచి సిద్దిపేట మీదుగా జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగిన పిల్లవాడు అక్కడికి చేరితే తన యాస వినబడుతుంది. తన మాట తీరుకు ఎవరూ నవ్వరు.

దీన్ని స్వర్గమని చెప్పడం లేదు. 2012 ఏప్రిల్ 15న అక్కడ విద్యార్థులు పెద్దకూర పండుగ జరిపితే ఘర్షణలు చెలరేగాయి. ఎవరి కూడు ఆవరణలోకి రావచ్చు అన్న తగవు అక్కడా తెగలేదు. కానీ ఆ తగవు నడివీధిలో, అందరి ముందూ జరిగింది.

హైదరాబాద్ విశ్వవిద్యాలయ స్వభావం వేరు. 1969, 1972 ఉద్యమాల తర్వాత 1973లో వచ్చిన ఆరు సూత్రాల పథకంలో భాగంగా 1974లో ఏర్పడింది. ప్రాంతీయ అసంతృప్తికి జవాబుగా పుట్టిన సంస్థ అన్న సంగతి ఇప్పుడు లోపల చాలామందికి తెలియదు. దాదాపు 2,300 ఎకరాల భూమి, గుండ్లు, చెరువులు, నెమళ్లు. ప్రధాన ద్వారం నుంచి తరగతి గదికి దూరం. ఆ దూరం తర్వాత నిశ్శబ్దం. మరమగ్గాల చప్పుడులో పెరిగిన మా సిరిసిల్ల విద్యార్థి ఒకడు మొదటి వారం ఆ నిశ్శబ్దానికి నిద్ర పట్టలేదని నాతో అన్నాడు. సెమినార్ గదిలో ఇంగ్లిషులో మొదటి ప్రశ్న అడగడానికి అతనికి రెండు సెమిస్టర్లు పట్టింది. చక్కటి గ్రంథాలయం, ఫెలోషిప్పు, దేశం నలుమూలల నుంచి వచ్చిన మిత్రులు కూడా అతనికి అక్కడే దొరికారు. 1993 నుంచి పనిచేస్తున్న అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ వంటి సంఘాలు లేకపోతే ఆ రెండు సెమిస్టర్లు అతను ఆగేవాడా అన్నది నా అనుమానం. ఆ తల్లి అడిగిన ‘మనోళ్లు’ అక్కడ ఉన్నారు. పాలనా భవనం వారిని అక్కడ పెట్టలేదు, వారే తమకు చోటు చేసుకున్నారు.

అదే ఆవరణలో 2015 చివర అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులకు విధించిన శిక్షను మరోసారి చదవాలి. వారి పరిశోధన ఆపమని అందులో లేదు. హాస్టళ్లలోకి, పాలనా భవనంలోకి, గుంపుగా ఉమ్మడి స్థలాల్లోకి రాకూడదని ఉంది. అంటే చదువుకోవచ్చు, ఆవరణ మాత్రం వారిది కాదు. ఊరు వెలివేసే తీరు ఇంతకంటే వేరుగా ఉండదు. దుకాణ సముదాయం దగ్గర వారు అంబేడ్కర్, ఫూలేల బొమ్మలున్న ఫ్లెక్సీలతో గుడారం వేసి దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టారు. మా వైపు ఊళ్లలో ఆ మాట ఎవరి నోటా వినబడదు, కులం పేరు చేర్చి ‘వాడ’ అంటారు. పుస్తకాల్లోని మాటను తీసుకుని వారు దేశంలోని పేరున్న విశ్వవిద్యాలయం నడిమధ్య పటం మీద గుర్తించినట్టు గుర్తించారు. 2016 జనవరి 17న వారిలో ఒకరైన రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు.

మా ప్రాంతపు పెద్దలకు ‘సాంఘిక బహిష్కరణ’ అన్న మాట మరో అర్థంలో గుర్తుంటుంది. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో రైతుకూలీలు దొరలను బహిష్కరించారు. చాకలి, మంగలి, పాలేరు పనికి వెళ్లలేదు. ఆ ఏడాదే ఈ రెండు తాలూకాలనూ ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. గ్రామాలకు తరలుదామంటూ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆ ఊళ్లకు నడిచి వచ్చిన కాలమది. అప్పుడు ఆ పనులు మానేసిన ఇళ్లలో పుట్టిన మనవలు ఇప్పుడు విశ్వవిద్యాలయాలకు వస్తున్నారు. బహిష్కరణ వారికి ఎదురుగా తిరిగి కనబడుతోంది.

ఐఐటీల సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు, ఎందుకంటే అక్కడ ఆవరణ గురించి చర్చే తక్కువ. 2008లో తాత్కాలిక ప్రాంగణంలో మొదలై సంగారెడ్డి దగ్గర కందికి మారిన మన ఐఐటీ భవనాలు చూడముచ్చటగా ఉంటాయి. చెన్నై ఐఐటీ గిండీ అడవిని ఆనుకుని జింకల మధ్య ఉంటుంది. ఆ ఐఐటీ మెస్‌లోనే 2018 డిసెంబరులో శాకాహారులకు, మాంసాహారులకు వేర్వేరు ద్వారాలు, చేతులు కడుక్కునే వేర్వేరు చోట్లు చూపే కాగితాలు అంటించారు. విమర్శలు వచ్చాక తీసేశారు. 2023లో ముంబయి ఐఐటీ హాస్టల్ మెస్‌లో ఆరు బల్లలను శాకాహారులకే కేటాయించారు. దానికి నిరసన తెలిపిన విద్యార్థికి 10 వేల రూపాయల జరిమానా పడింది. రెండు గ్లాసుల పద్ధతి చూసిన ఊరి నుంచి వెళ్లిన పిల్లవాడికి ఆ బల్ల మీది కాగితం అర్థం కావడానికి ఇంగ్లిషు రానవసరం లేదు.

2023 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం లోక్‌సభకు ఒక లెక్క ఇచ్చింది. అయిదేళ్లలో కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, ఐఐఎంల నుంచి మధ్యలో వెళ్లిపోయిన ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు 13,626 మంది. వీరిలో కేంద్రీయ విశ్వవిద్యాలయాలవారు 9,642, ఐఐటీలవారు 3,542. విద్యార్థులకు అనేక అవకాశాలుంటాయి, ఒక సంస్థ నుంచి మరొక దానికి మారుతుంటారు అన్నది మంత్రిత్వశాఖ వివరణ. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు. అయితే వెళ్లిపోయినవారిని ఎందుకు వెళ్లారని అడిగిన సంస్థ ఒక్కటైనా ఆ జవాబులో కనబడదు.

విదేశీ విశ్వవిద్యాలయాలతో పోలిక తేవడం మనకు అలవాటు కనుక ఒక్కటి. 1913లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరిన అంబేడ్కర్, విదేశాల్లో గడిపిన ఏళ్లలో తాను అంటరానివాడినన్న స్పృహ మనసు నుంచి తుడిచిపెట్టుకుపోయిందని ‘వీసా కోసం నిరీక్షణ’లో రాశారు. తిరిగి వచ్చి బరోడాలో పార్సీ సత్రంలో పేరు మార్చుకుని తలదాచుకుంటే కొద్ది రోజులకే కర్రలు పట్టుకున్న గుంపు వెళ్లగొట్టింది. నూరేళ్ల తర్వాత, 2022లో, కాలిఫోర్నియా రాష్ట్ర విశ్వవిద్యాలయం తన వివక్ష వ్యతిరేక విధానంలో కులం అన్న మాట చేర్చవలసి వచ్చింది. మధ్యకాలంలో మనవాళ్లు అక్కడికి ఏం మోసుకుపోయారో వేరే చెప్పనక్కరలేదు.

2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లోకి యంత్రాలు దిగినప్పుడు విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపింది. నేను ఆ విద్యార్థుల పక్షమే. కంచ అంటే ఏమిటో గొల్ల కురుమ ఇళ్ల పిల్లలకు ఎవరూ వివరించనవసరం లేదు, వారి తాతలు గొర్రెలు మేపిన నేల పేరు అది. నెమళ్ల కోసం దేశమంతా ఒక్క వారంలో కదిలింది, మంచిదే. గుడారంలో పడుకున్న అయిదుగురి కోసం ఆ దేశం కదలడానికి వారిలో ఒకరు చనిపోవలసి వచ్చింది.

2012లోనే యూజీసీ ప్రతి ఉన్నత విద్యాసంస్థలో సమాన అవకాశాల విభాగం, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలని నిబంధన తెచ్చింది. అవి కాగితం మీదే మిగిలాయని రోహిత్ తల్లి, ముంబయిలో చనిపోయిన డాక్టర్ పాయల్ తడ్వీ తల్లి 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. నేను కోరేది ఇంకా చిన్నది. ప్రతి విశ్వవిద్యాలయం ఏటా తొలి ఏడాదిలో మానేసినవారి సంఖ్యను వర్గాలవారీగా తన వెబ్‌సైటులో పెట్టాలి. వివక్ష ఫిర్యాదులు ఎన్ని వచ్చాయో, ఎన్ని రోజుల్లో తేలాయో దాని పక్కనే పెట్టాలి. ర్యాంకుల పట్టికలో అందుబాటు పేరుతో ఇచ్చే పది మార్కులను ఈ అంకెల మీద లెక్కగట్టాలి.

బీడీల తల్లికి ఆ రోజు నేను ఉన్నారనే జవాబిచ్చాను. బిడ్డ ఇప్పుడు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎంఏ చదువుతోంది. మొదటి నెల రెండుసార్లు ఇంటికి వెళ్లిపోతానంది. సీనియర్ అక్కలు ఆపారట.