మొరాయించిన సర్వీసును గూర్చి

కంప్యూటరు తెరపై గనబడు బొమ్మలే దానిలో జరుగు పని యంతయు నని తలచువారు మనలో పెక్కుమంది కలరు. కాని తెర వెనుక, మన కంటబడక, పనిచేయుచుండు ప్రోగ్రాములు ననేకములున్నవి. అచ్చు వేయవలసిన కాగితములను వరుసలో నిలుపుట ఒకదాని వంతు. గడియారమును సరిదిద్దుట మఱియొకదాని వంతు. మార్కుల పట్టికలను దాచు డేటాబేసును నడుపుట వేఱొకదాని వంతు. వీనినే సర్వీసులందురు. విండోస్‌లో సర్వీస్ కంట్రోల్ మేనేజరును, నేటి లినక్సులలో పెక్కింటియందు సిస్టమ్‌డీయును వీనిని మేలుకొలుపుచుండును. ఒక్కొక్కప్పుడు ఎంత పిలిచినను సర్వీసు లేవదు. ఒక వాక్యమో, ఒక అంకెయో మాత్రము తెరపై నిలుచును.

అప్పుడు మన విద్యార్థులు చేయు పని యేమి? ఆ వాక్యమును చదువకయే మూసివేయుదురు. యంత్రమును ఆర్పి మరల వెలిగింతురు. దానికిని లొంగనిచో తండ్రికి జెప్పుదురు; తండ్రి దానిని బజారులోని మరమ్మతు దుకాణమునకు మోసికొనిపోవును. అచట పెక్కుసారులు 'ఫార్మాటు' చేసి ఆపరేటింగ్ సిస్టమును మొదటినుండి వేసి యిత్తురు. వేఱొకచోట నకలు దాచుకొననిచో, పిల్లవాడు వ్రాసికొన్న పాఠములును, ఇంటివారి ఛాయాచిత్రములును దానితో బోవును. కొండనాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడినట్లే గదా! ఈ యలవాటు మాన్పుట కంప్యూటరు విద్యలో మొదటి పాఠము కావలయునని మా యభిప్రాయము.

సర్వీసు లేవనప్పుడు కారణమును చాలవఱకు యంత్రమే చెప్పును. విండోస్‌లో 1069 అను అంకె కనబడినదనుకొందము. సర్వీసు ఏ ఖాతా పేరిట నడువవలయునో ఆ ఖాతాతో లోపలికి బోవుట సాధ్యపడలేదని దాని యర్థము. తఱచుగా నిట్లు జరుగును: ఎవరో ఆ ఖాతా పాస్‌వర్డును మార్చియుందురు, సర్వీసునొద్ద పాతదే మిగిలియుండును. నూఱుమారులు ఆర్పి వెలిగించినను ఫలము లేదు. సర్వీసు వివరములలో 'లాగ్ ఆన్' అనుచోట క్రొత్త పాస్‌వర్డు వ్రాసిన చాలును. 1068 అనగా, ఈ సర్వీసు దేనిపై ఆధారపడియున్నదో ఆ సర్వీసు లేవలేదని యర్థము. కావున దీనిని విడిచి దానిని జూడవలయును. 1053 అనగా, గడువులోపల, అనగా సామాన్యముగా 30 సెకనులలో, సర్వీసు బదులు పలుకలేదని యర్థము. రోగములు మూడు, మన మిచ్చుచున్న మందు మాత్ర మొక్కటే.

లినక్సు సంగతియు నిట్టిదే. సిస్టమ్‌డీ 2010లో వెలువడి, 2015లో వచ్చిన డెబియన్ 8లో సహజమైన యేర్పాటుగా స్థిరపడినది. అందు 'సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్' అను ఆజ్ఞ సర్వీసు స్థితిని, 'జర్నల్‌సీటీఎల్' అను ఆజ్ఞ దాని దినచర్యను చూపును. స్థితిలో 203 అని యున్నచో, నడుపవలసిన ప్రోగ్రామును నడుపుట సాధ్యపడలేదన్నమాట: దాని దారి తప్పుగా వ్రాయబడియుండవచ్చును, లేదా నడుపుటకు అనుమతి లేకపోవచ్చును. అపాచీ, ఎంజినెక్స్ అను రెండు వెబ్ సర్వర్లు ఒకే యంత్రముపై 80వ పోర్టును గోరినచో, ముందు లేచినది దానిని బట్టుకొనును. రెండవది 'అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్' అని పలికి పడిపోవును. ఒకే గదికి ఇద్దరు అద్దెదారులు వచ్చినట్లన్నమాట. మఱియొక విశేషము గలదు. సామాన్యపు టేర్పాటులో, 10 సెకనులలో 5 మారులు మొదలుపెట్టిన సర్వీసును ఆఱవమారు మొదలుపెట్టుటకు సిస్టమ్‌డీ నిరాకరించును. విచారింపక మరల మరల లేపుట వ్యర్థమని యంత్రమే యెఱిగియుండగా మనకు దెలియవలదా?

'ఆర్పి వెలిగించిన నొక్కొక్కసారి నయమగుచున్నది గదా. నలువదిమంది పిల్లలు కూర్చుండియున్న తరగతిలో దినచర్య చదువుటకు తీరిక యెక్కడిది?' అని తోడి యుపాధ్యాయు లడుగవచ్చును. ఆ మాట నిజమే, నయమగుటయు కలదు. అయినను వెలిగించుటకు ముందు ఆ వాక్యమును కాగితముపై వ్రాసికొనుటకు అర నిమిషము చాలును. లినక్సునందు దినచర్యను నిలువ యుంచు ఏర్పాటు లేనిచో, యంత్రము ఆరగానే అదియు మాయమగును. కారణము తెలియక నయమైన రోగము పరీక్షనాడే తిరిగి రావచ్చును. ఇక, ఓపిక లేక ప్రతి ఫైలునకు అందఱికిని సర్వాధికారము లిచ్చి సర్వీసును లేపుట, తాళము తెఱచుకొనలేదని తలుపునే ఊడబెరికినట్టిది.

మన పిల్లలు చదువకుండుటకు సోమరితనము మాత్రమే కారణము కాదని మేమెఱుగుదుము. ఆ వాక్యము ఇంగ్లీషున నుండును. తెలుగున చదువుకొను పిల్లవానికి దాని జూడగానే గుండె జారును. కాని అందు మరల మరల వచ్చు మాటలు కొన్నియే. 'డినైడ్' అనగా అనుమతి లేదు; 'నాట్ ఫౌండ్' అనగా కనబడలేదు; 'టైమ్డ్ అవుట్' అనగా గడువు దాటినది; 'ఇన్ యూజ్' అనగా వేఱొకరి చేతిలో నున్నది; 'డిపెండెన్సీ' అనగా దీనికి ఆధారమైనది. ఈ యైదింటిని నేర్చిన యెనిమిదవ తరగతి బాలిక, ఇంగ్లీషు ధారాళముగా రాకున్నను, లోపమెక్కడ వెదకవలయునో చెప్పగలదు. చంకలో బిడ్డను బెట్టుకొని ఊరెల్ల వెదకు శ్రమ ఆమెకుండదు.

కావున మా విన్నపములు రెండు. ప్రతి పాఠశాల కంప్యూటరు గదిలోను ఒక నోటుపుస్తక ముంచవలయును. తేది, సర్వీసు పేరు, తెరపై వచ్చిన మాటలు, కనుగొన్న కారణము, చేసిన పని అందు విద్యార్థులే వ్రాయవలయును. పరీక్షలలో సర్వీసు అననేమి యని నిర్వచనము నడుగుటకు మాఱుగా, ఒక దోషవాక్యము నిచ్చి, దీనికి కారణమేమై యుండును, మొదట దేనిని జూతువు అని యడుగవలయును. తల్లిదండ్రులును, యంత్రమును దుకాణమునకు బంపుటకు ముందు, 'తెరమీద నేమని వ్రాసియున్నది, నాయనా?' అని యొక్కమాట పిల్లల నడుగుదురు గాక. ఆ ప్రశ్నకు బదులు చెప్పుటకైన మన పిల్లలు చదువ మొదలిడుదురు.