పేరులో క్షత్రియం.. జాబితాలో వెనుకబాటు
తమిళ కులాల వీరవంశ వాదనలకు నూట యాభై ఏళ్లు

చిత్తూరు: పేరు చివర 'క్షత్రియ' అని ఉంటుంది. ధ్రువపత్రంలో మాత్రం వెనుకబడిన తరగతి. చిత్తూరు జిల్లాలోని వన్యకుల క్షత్రియుల పరిస్థితి ఇది. ఆంధ్రప్రదేశ్ జాబితాలో వీరు బీసీ-ఏ. సరిహద్దు దాటితే తమిళనాడులోని వన్నియకుల క్షత్రియులు అత్యంత వెనుకబడిన తరగతి(ఎంబీసీ). ఒకవైపు వీరవంశ గౌరవం, మరోవైపు వెనుకబాటు హక్కు. పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండూ ఒకేచోట ఎలా చేరాయో తెలియాలంటే పూర్వ మద్రాసు రాష్ట్ర చరిత్ర చూడాల్సిందే. 2027 జనగణనలో కులాల వివరాలు సైతం సేకరించాలని కేంద్రం 2025లో నిర్ణయించిన నేపథ్యంలో ఈ చరిత్రకు ప్రాధాన్యం ఏర్పడింది.

లెక్కల్లో పేరు కోసం..

వన్నియర్లను ఒకప్పుడు పల్లీలని పిలిచేవారు. వీరిలో అత్యధికులు వ్యవసాయ కూలీలు. 1871 జనగణన సందర్భంగా తమను క్షత్రియులుగా నమోదు చేయాలని వీరు ప్రభుత్వానికి విన్నవించుకున్నారు. అగ్నికుండం నుంచి ఉద్భవించిన వీరుని సంతతి తామన్నది వీరి వాదన. 1901 జనగణనలో కులాలను సామాజిక హోదా క్రమంలో పేర్చేందుకు ఆంగ్ల ప్రభుత్వం పూనుకోవడంతో దేశమంతటా ఇటువంటి వినతులు వెల్లువెత్తాయి. 1931 నాటికి మద్రాసు లెక్కల్లో 'పల్లి' తొలగి 'వన్నియకుల క్షత్రియ' చేరింది. చిన్నచూపుతో పలికే పేరును వదిలించుకోవాలన్న తపన ఈ పోరాటానికి ప్రాణం.

న్యాయస్థానంలో ఓటమి

దక్షిణాన నాడార్లది మరో దారి. తాటిచెట్లెక్కి కల్లు గీసే వృత్తి కారణంగా వీరికి ఆలయ ప్రవేశం నిషిద్ధం. పాండ్య రాజుల వారసులం, క్షత్రియులమంటూ 1897లో కొందరు కముదిలోని మీనాక్షి సుందరేశ్వర ఆలయంలో ప్రవేశించారు. రామనాథపురం సంస్థానాధీశుడు భాస్కర సేతుపతి దావా వేశారు. 1899లో శివకాశిలో అల్లర్లు చెలరేగాయి. చివరకు 1908లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ సైతం నాడార్లకు వ్యతిరేకంగానే తీర్పునిచ్చింది. సేతుపతి మరవర్ కులస్థుడు. వీరవంశంగా చెప్పుకొనే మరవర్లు, కళ్లర్లలో అనేకులను అదే ఆంగ్ల ప్రభుత్వం అనంతర కాలంలో నేరస్థ తెగల చట్టం కిందకు తేవడం గమనార్హం. పాలకుల చేతిలోని హోదా ఎంత అస్థిరమో ఇది తెలియజేస్తుంది.

కోర్టులో ఓడినా నాడార్లు ఆగలేదు. 1910లో నాడార్ మహాజన సంఘం ఏర్పడింది. వర్తకుల నుంచి 'మహమై' పేరిట వసూలు చేసిన ఉమ్మడి నిధితో పాఠశాలలు వెలిశాయి. 1921లో తూత్తుకుడిలో నాడార్ బ్యాంకు ప్రారంభమైంది. అదే ఏడాది 'షానార్'కు బదులు 'నాడార్' పేరును ప్రభుత్వం ఆమోదించింది. 1939లో వైద్యనాథ అయ్యర్ నాయకత్వంలో దళితులతో పాటు ఒక నాడార్ మదురై మీనాక్షి ఆలయంలో అడుగుపెట్టారు. ఒక కులం క్షత్రియమా కాదా అన్న వాదనతో తెరుచుకోని తలుపులు, అందరికీ ప్రవేశం అన్న న్యాయంతో తెరుచుకున్నాయి.

మలుపు తిప్పిన రిజర్వేషన్లు

స్వాతంత్ర్యానంతరం వాదనల దిశ మారింది. 1980లో వన్నియర్ సంఘాన్ని స్థాపించిన డాక్టర్ రామదాస్ విద్య, ఉద్యోగాల్లో వాటా కోరారు. 1987 సెప్టెంబరు రహదారుల దిగ్బంధంలో 21 మంది ప్రాణాలు కోల్పోయారు. 1989లో కరుణానిధి ప్రభుత్వం ఎంబీసీలకు 20 శాతం కేటాయించింది. ఇందులో వన్నియర్లకే 10.5 శాతం ఇస్తూ 2021లో చేసిన చట్టాన్ని అదే ఏడాది మద్రాసు హైకోర్టు కొట్టివేసింది. వన్నియర్లను ప్రత్యేక వర్గంగా విడదీయడానికి తగిన గణాంకాలు లేవంటూ 2022 మార్చి 31న సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. అగ్నికుల పురాణం గానీ, పూర్వుల ఖడ్గం గానీ అక్కడ సాక్ష్యానికి రాలేదు. కావలసింది గణాంకాలు.

కింది మెట్టుపైనే భారం

గౌరవ పోరాటం అవతలివారిని తక్కువ చేయడంగా మారినప్పుడే ప్రమాదం. 2012 నవంబరులో ధర్మపురి జిల్లాలో కులాంతర వివాహం సాకుగా దళితవాడలు దహనమయ్యాయి. 2023 ఆగస్టులో తిరునల్వేలి జిల్లా నాంగునేరిలో దళిత విద్యార్థిపై తోటి విద్యార్థులే ఇంట్లో చొరబడి కత్తులతో దాడి చేశారు. అడ్డువచ్చిన చెల్లెలూ గాయపడింది. దీనిపై ఏర్పాటైన జస్టిస్ చంద్రు కమిటీ, కులాన్ని సూచించే రంగుల చేతిదారాలను పాఠశాలల్లో నిషేధించాలని 2024లో సిఫార్సు చేసింది. తాతలు అర్జీల్లో కోరిన గౌరవం మనుమల మణికట్టుపై గుర్తుగా మారడం విషాదం.

జనగణన పత్రంలో ఎవరి కులం పేరు వారు చెప్పుకోవచ్చు. ఆ హక్కును కాదనే అధికారం ఎవరికీ లేదు. అయితే వెనుకబడిన తరగతుల రిజర్వేషన్‌కు ప్రాతిపదిక సామాజిక, విద్యాపరమైన వెనుకబాటు. బడి ఎంత దూరం, భూమి ఎంత, కొలువులు ఎన్ని అన్న ప్రశ్నలకు సమాధానాలు సేకరిస్తేనే లెక్కలకు సార్థకత. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న పేద కుటుంబాలకు అక్కరకు వచ్చేవి ఆ సమాధానాలే.