హాస్టల్ నడిపేదీ వాళ్లే, విచారించేదీ వాళ్లే

మీలో చాలామంది ఆశ్రమ పాఠశాలలోనో గురుకులంలోనో చదివినవాళ్లే. పెద్ద సారు తనిఖీకొచ్చే రోజు గుర్తుందా? ఆ ఒక్కరోజు పప్పు చిక్కగా ఉంటది, బాత్రూముల్లో నీళ్లొస్తయ్. 'ఏమడిగినా బాగుందనే చెప్పండి' అని వార్డెన్ ముందురోజే చెప్పి పెడతాడు. మనమూ అట్లనే చెప్పినం.

ఆ వచ్చిన సారు ఎవరు? హాస్టల్ నడిపే శాఖ మనిషే. రేపు ఒక బిడ్డ జ్వరంతో చనిపోతే విచారణకొచ్చేదీ అదే శాఖ. వార్డెన్‌ను సస్పెండ్ చేస్తారు, ఫైలు మూస్తారు. తాగే నీళ్లు ఎందుకు పరీక్షించలేదు, నర్సు పోస్టు ఎందుకు నింపలేదు అని అడిగితే తగిలేది పైవాళ్లకు. అందుకే అడగరు.

దీనికి మందుగానే 2005లో బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ల చట్టం వచ్చింది. కమిషన్ గిరిజన సంక్షేమ శాఖ కింద పనిచెయ్యదు. ప్రభుత్వ హాస్టళ్లను తనిఖీ చెయ్యొచ్చు, ఫిర్యాదు లేకున్నా కేసు తీసుకోవచ్చు, సివిల్ కోర్టులాగా అధికారులను పిలిపించొచ్చు. కాగితం మీద మంచి చట్టమే.

కానీ రాష్ట్ర కమిషన్ చైర్‌పర్సన్ పేరు సిఫార్సు చేసే ముగ్గురి కమిటీకి పెద్ద ఎవరు? పిల్లల శాఖ మంత్రి. సర్కారును ప్రశ్నించాల్సినవాళ్లను సర్కారే ఎంచుకుంటది! ఆరుగురు సభ్యుల్లో ఇద్దరు మహిళలుండాలన్న చట్టం, ఆదివాసీ ఒకరుండాలని మాత్రం అనలేదు. పైగా కమిషన్ చేసేది సిఫార్సే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది భాష. జాతీయ కమిషన్‌కు ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో దేనిలోనైనా ఫిర్యాదు చెయ్యొచ్చు, ఫీజు లేదు. ఆ 22లో సంతాలీ ఉంది. గోండీ లేదు, కోయ లేదు, కువి లేదు. తెలుగు సరిగా రాదని క్లాసులో నవ్వులపాలైన ఆరో తరగతి పిల్ల, తన ఒంటి మీద ఎవరో చెయ్యి వేసిన సంగతి అదే తెలుగులో అపరిచితులకు చెప్పాలా? చెప్పదు. మనమైనా చెప్పం.

అందుకే కమిషన్‌లో మన భాష తెలిసిన ఆదివాసీ సభ్యులు కావాలి. తనిఖీకి చెప్పకుండా రావాలి. నివేదిక గ్రామసభ ముందు పెట్టాలి. ఇది దయ కాదు. సామాజిక రంగ సంస్థల మీద, వాటి సిబ్బంది మీద అదుపు గ్రామసభకూ పంచాయతీలకూ ఉండాలని 1996 నాటి పీసా చట్టమే చెప్పింది. ఇప్పటిదాకా ఎన్ని గ్రామసభలు హాస్టల్ రిజిస్టరు తెరిపించాయి?

దసరాకు పిల్లలు ఇంటికొస్తరు. కూర్చోబెట్టి మన భాషలో అడగండి. సారు వచ్చిన రోజు సంగతి కాదు, ఆ మర్నాడు ఏం పెట్టారో అడగండి.