మేడ మీది కథలు - మెట్ల కింది మనుషులు



సాహిత్యం, సినిమా సమాజానికి అద్దం అంటారు. ఆ అద్దాన్ని ఎవరి ముఖం ముందు పెడుతున్నారన్నదే మా ప్రశ్న. ఇంగ్లీషు ఉచ్చారణ పట్టుబడుతుందని మనలో చాలామందిమి పాతకాలపు బ్రిటన్ కథలతో తీసిన సీరియళ్లు, సినిమాలు చూస్తుంటాం. తెలియకుండానే చరిత్రను కూడా వాటినుంచే నేర్చుకుంటున్నాం. అందుకే ఈ నాలుగు మాటలు.

2020లో మొదలైన 'బ్రిడ్జర్టన్' కథ 1813 నాటి లండన్‌లో జరుగుతుంది. అందులో రాణిగా, డ్యూక్‌గా నల్లజాతి నటులు కనిపిస్తారు. వారికి అంత పెద్ద పాత్రలు దక్కినందుకు మాకు సంతోషమే. కానీ నిజమైన 1813లో బ్రిటన్ ఏలుబడిలోని కరీబియన్ దీవుల్లో లక్షలాది నల్లజాతివారు బానిసలుగా చెరకు తోటల్లో చాకిరీ చేస్తున్నారు. బానిసల వ్యాపారాన్ని 1807లో నిషేధించినా, బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం 1833లో గాని రాలేదు. అప్పుడైనా 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది యజమానులకే! బానిసలకు ఒక్క పెన్నీ కూడా ముట్టలేదు. అందుకోసం ప్రభుత్వం చేసిన అప్పు పూర్తిగా తీరింది 2015లో. పట్టుబట్టలు, నాట్యాల మధ్య ఈ లెక్క ఎక్కడ కనిపిస్తుంది?

'డౌన్‌టన్ ఆబీ' (2010-15) నౌకర్లకు చోటిచ్చింది, నిజమే. దొరలు లేవకముందే పొయ్యిలు రాజేసే డైసీ అందులో ఉంది. గదిలో టైపు మిషను దాచుకొని, పోస్టు ద్వారా పాఠాలు నేర్చుకునే పనిమనిషి గ్వెన్ ఉంది. ఇంట్లో మొదటి డిగ్రీ పట్టా అందుకున్న మాకు గ్వెన్ పరాయిది కాదు. అయితే ఆమెకు ఉద్యోగం దొరకడాన్ని కథ దొర కూతురి మంచితనంగానే ఎక్కువ చూపిస్తుంది. దయ వేరు, హక్కు వేరు. దొర మంచివాడైనంత మాత్రాన దొరతనం మంచిదైపోదు కదా!

ఇలా కూడా తీయవచ్చని 2013లో వచ్చిన 'బెల్' సినిమా చూపింది. డైడో బెల్ నిజంగా జీవించిన మనిషి. తల్లి ఆఫ్రికన్ బానిస, తండ్రి నౌకాదళ అధికారి. ప్రధాన న్యాయమూర్తి మాన్స్‌ఫీల్డ్ ఇంట్లో పెరిగింది. అంతటి ఇంట్లోనూ అతిథులు వచ్చినప్పుడు ఆమె వారితో కలిసి భోంచేయలేదని, భోజనాలయ్యాకే వచ్చి కూర్చుందని 1779లో ఒక అతిథి తన డైరీలో రాసుకున్నాడు. ఆ విడి పంక్తి అర్థమేమిటో మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ సినిమాలు చూడవద్దని మేము అనడం లేదు. చూద్దాం. కానీ ఆ మేడ ఎవరి చెమటతో లేచింది, ఆ కంచాలు ఎవరు కడిగారు, ఆ పంక్తిలో ఎవరికి చోటు లేదు అని అడుగుతూ చూద్దాం. మన జమీందారీ కథల సినిమాలను కూడా ఇదే కంటితో చూద్దాం. మెట్ల కింది మనుషుల కథను మెట్ల కింది నుంచే చెప్పగలవారు మన హాస్టల్ గదుల్లోనే ఉన్నారని మా నమ్మకం. కలం పట్టండి!