మాటలు వచ్చేదాకా ఆగవద్దు

"వాళ్ల నాన్నకూ మూడేళ్లకే మాటలొచ్చాయి సిస్టర్, వీడికీ వస్తాయిలెండి." పిల్లల వార్డులో నాయనమ్మలు ధైర్యంగా చెప్పే ఈ మాట వింటే నాకు భయం వేస్తుంది. పళ్లెం మోగిస్తే ఉలిక్కిపడ్డాడు కదా అని కూడా అంటారు. పళ్లెం ఎత్తిన చేతిని చూసి కూడా బిడ్డ ఉలిక్కిపడవచ్చు.

చెవి డొప్ప ఎంత చక్కగా ఉన్నా, అసలు పని లోపలి చెవిలో జరుగుతుంది. నత్త గుల్లలా చుట్టుకున్న ఆ భాగం తల్లి కడుపులో మూడు నెలలకే రూపం దిద్దుకుంటుంది. ఒక్కో చెవిలో వినికిడికి సుమారు 15,000 రోమకణాలు ఉంటాయి. కోడికైతే పోయిన కణాలు మళ్లీ పుడతాయి. మనకు పుట్టవు.

ఆ కణాలు ఎదగాలన్నా, బతకాలన్నా ఎంజైములు అనే పనివాళ్లు కావాలి. కొన్ని ఎంజైములు లోపలి చెవి ద్రవంలో పొటాషియం పాళ్లు తగ్గకుండా చూస్తాయి. కొన్ని ప్రోటీన్లను తగిన చోట కత్తిరిస్తాయి. అలా కత్తిరించే ఒక ఎంజైములో లోపం వల్ల పిల్లలకు చెవుడు వస్తోందని పాకిస్తాన్, పాలస్తీనా కుటుంబాలను పరిశీలించి 2001లో కనుగొన్నారు. అదే లోపం ఉన్న ఎలుక పిల్లల్లో, పుట్టిన సుమారు 12 రోజులకు, అంటే సరిగ్గా వినికిడి మొదలయ్యే వేళకే రోమకణాలు చనిపోయాయి.

ఇలాంటి లోపం తల్లిదండ్రులిద్దరి నుండీ వస్తేనే బిడ్డకు చెవుడు. మేనరికాల్లో ఆ అవకాశం ఎక్కువ. (మేనరికం బిడ్డలు ఎక్కువ మంది బాగానే వింటారు, పుట్టు చెవుడు అంతా ఎంజైముల వల్లనే రాదు కూడా.) జరిగిపోయిన పెళ్లి గురించి కోడలిని దెప్పడం ఎందుకు? బిడ్డకు పరీక్ష చేయించండి.

బయోటినిడేజ్ అనే ఎంజైము సంగతే చూడండి. అది లోపిస్తే బయోటిన్ అనే విటమిన్‌ను శరీరం తిరిగి వాడుకోలేదు. మూర్ఛలు, చర్మంపై దద్దుర్లు, చెవుడు రావచ్చు. పుట్టిన కొద్ది రోజుల్లో మడమ నుండి తీసిన రక్తపు చుక్కతో దీన్ని కనిపెట్టవచ్చు. లక్షణాలు రాకముందే బయోటిన్ మొదలుపెడితే చెవుడు రాకుండా ఆపవచ్చు. ఆలస్యంగా ఇస్తే మూర్ఛలు, దద్దుర్లు తగ్గినా, పోయిన వినికిడి సాధారణంగా తిరిగి రాదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది: మొదటి టీకాలు ఎంత అవసరమో, వినికిడి పరీక్ష కూడా అంతే అవసరం. ఓ.ఏ.ఈ. పరీక్షలో సూది ఉండదు, నొప్పి ఉండదు. నిద్రపోతున్న బిడ్డ చెవిలో చిన్న గొట్టం పెట్టి కొద్ది నిమిషాల్లో చూస్తారు. నెలలోపు ఈ పరీక్ష, తేడా ఉంటే మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు వినికిడి యంత్రం వంటి సహాయం అందాలి. మెదడు మాటలు నేర్చుకునే వయసు అదే మరి.

ఒకసారి పాసైతే చాలదు. పైన చెప్పిన కత్తిరించే ఎంజైము లోపంలో కొందరికి కొన్నేళ్లు విన్నాక చెవుడు వస్తుంది. ఇంట్లో చెవిటివారున్నా, మేనరికమైనా, మాట తడబడినా మళ్లీ తీసుకురండి. పరీక్ష చీటీని టీకాల కార్డుతో కలిపి దాచండి.