ఆటగాండ్రను తీర్చుటయా, తెచ్చుటయా?

అమెరికా కళాశాలల బాస్కెట్‌బాల్ అభిమానులలో నేడొక వాదము ప్రబలినది: ఆటగాండ్రను తీర్చిదిద్దు శిక్షకుడు మేలా, అన్యకళాశాలలనుండి తెచ్చుకొను శిక్షకుడు మేలా? 2021 వరకు కళాశాల మారిన ఆటగాడు సాధారణముగా ఒక యేడు పోటీలకు దూరముగ నుండవలసివచ్చెడిది. ఆ సంవత్సరమున ఒక పర్యాయమునకును, 2024లో, చదువునందు అర్హుడైనచో, ఎన్ని పర్యాయములకైనను ఆ నిర్బంధము తొలగెను. ఇది న్యాయమే; శిక్షకులు స్వేచ్ఛగా తరలిపోవుచుండగా విద్యార్థిని మాత్రము కట్టివేయనేల? అయినను ఓర్పు నశింపరాదు. 1948లో యు.సి.ఎల్.ఎ. చేరిన జాన్ వుడెన్‌కు తొలి జాతీయ విజయము 1964లోగాని లభింపలేదు. 1975 నాటికి అవి పదియయ్యెను. నేటి అభిమానులు ఆయనకు 16 ఏండ్లు గడువిత్తురా? విజయములను లెక్కించుటకు ముందు, మొదటి యేట ఎడమచేత బంతి నడపలేని యువకుడు నాల్గవ యేట ఎట్లాడుచున్నాడో చూడవలెనని మా మనవి.