మన నీళ్ళింకా దారిలో ఉన్నాయి

‘రానున్న వారం రోజుల్లో దేశంలోని పలు రాష్ట్రాల్లో భారీ నుంచి అతి భారీ వర్షాలు.’ టీవీలో ఈ మాట వినగానే మనం చేసే మొదటి పనేంటి? మ్యాపులో మన జిల్లా ఏ రంగులో ఉందో వెతుక్కోవడం. ఏలూరు మీద ఆకుపచ్చ కనిపిస్తే ‘హమ్మయ్య’ అనుకుని ఛానల్ మార్చేస్తాం. మిగతా ఊళ్ళ సంగతేమో గానీ, కొల్లేటి చుట్టుపక్కల ఉండేవాళ్ళకి ఈ అలవాటు మంచిది కాదండీ.

2024 సంగతే చూడండి. ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక వాయుగుండం తీరం దాటింది శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర. కుండపోత కురిసింది ఎన్టీఆర్ జిల్లాలో. బుడమేరుకు గండ్లు పడి బెజవాడలో సింగ్ నగర్ మునిగింది. మామూలు రోజుల్లో అయితే బుడమేరు నీటిని వెలగలేరు దగ్గర మళ్ళించి కృష్ణలో కలుపుతారు. ఆ రోజుల్లో ప్రకాశం బ్యారేజీకే 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. కృష్ణే నిండిపోతే ఇక బుడమేరును ఎక్కడ కలుపుతారు? దేశమంతా బెజవాడ వంక చూస్తుంటే, ఆ నీళ్ళు మెల్లగా కొల్లేటి దారి పట్టాయి. కొన్నాళ్ళకి ఏలూరు–కైకలూరు రోడ్డు మీదకు ఎక్కి రాకపోకలు ఆపేశాయి. లంక గ్రామాల చుట్టూ నీళ్ళే. తుపాను వార్తలు చల్లబడే వేళకి మన కష్టం మొదలైందన్నమాట.

కొల్లేరు ఒక పెద్ద పళ్ళెం లాంటిది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇంకా లెక్కలేనన్ని కాలువలు, డ్రెయిన్లు అందులోకే వస్తాయి. బయటకు పోవడానికి సముద్రం దాకా ఉన్న దారి ఒక్కటే, ఉప్పుటేరు. అరవై కిలోమీటర్లు ప్రయాణం చేస్తేగానీ ఆ నీరు సముద్రంలో కలవదు. దారిలో గుర్రపుడెక్క అడ్డం. పైగా అమావాస్యకో పున్నమికో సముద్రం పోటు మీదుంటే ఉప్పుటేరు నీరు తొందరగా లాగదు. వచ్చే దారులు పది, పోయే దారి ఒకటి. అందుకే ఇక్కడ నీరు ఒక్క పూటలో రాదు, ఒక్క పూటలో పోదు.

ఒకసారి మండవల్లి వైపు చేపల చెరువు గట్టు మీద ఒక పెద్దాయన్ని అడిగాను, ‘వాన వెలిసింది కదండీ, ఇంకా ఇక్కడే ఉన్నారేంటి’ అని. ‘వాన వెలిసిందండి. మన నీళ్ళింకా దారిలో ఉన్నాయి’ అన్నారాయన. వాతావరణ శాఖ బులెటిన్‌కి కొల్లేటి తర్జుమా ఇంతకంటే ఏం కావాలి?

కాబట్టి వచ్చే వారం హెచ్చరికలు చూసేటప్పుడు మన జిల్లాతో ఆపేయకండి. ఎన్టీఆర్ జిల్లా, ఖమ్మం జిల్లా కూడా చూడండి. మైలవరం కొండల్లో పడ్డ వాన బుడమేరులో వస్తుంది. ఖమ్మం జిల్లాలో, చింతలపూడి వైపు పడ్డది తమ్మిలేరులో వస్తుంది. 2020 అక్టోబరులో ఏలూరు శివారు కాలనీల్లోకి వచ్చింది ఆ నీరే. తాడేపల్లిగూడెం వాళ్ళయితే జంగారెడ్డిగూడెం వైపు ఓ కన్నేయాలి. అక్కడ కుమ్మేస్తే ఎర్రకాలువ పొంగి నందమూరు అక్విడక్టు దగ్గర చేల మీద పడుతుంది.

మాటలకీ లెక్కలున్నాయి. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే ‘భారీ’, 115.6 నుంచి ‘అతి భారీ’, 204.5 నుంచి ‘అత్యంత భారీ’. పసుపు రంగు అంటే కనిపెట్టుకుని ఉండమని. నారింజ అంటే సిద్ధంగా ఉండమని. ఎరుపు అంటే ఇంక కదలమని. ‘ఒకట్రెండు చోట్ల’ అన్నారు కదా, మన ఊరు కాదులే అనుకోవద్దు. ఆ ఒక్క చోటు మనకు ఎగువన ఉంటే చాలు.

చెరువులున్న వాళ్ళకి వరద కంటే ముందు మబ్బే గండం. రెండు మూడు రోజులు ఎండ లేకపోతే నీటిలో నాచు ప్రాణవాయువు తయారు చేయలేదు. తెల్లారగట్ల చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలతాయి. మబ్బు పట్టగానే మేత తగ్గించాలి, ఏరియేటర్లు తిప్పాలి. గాలివానకి కరెంటు పోవడం ఖాయం కాబట్టి జనరేటర్‌కి డీజిల్ ముందే తెచ్చుకోవాలి. గట్ల చుట్టూ వలలు కట్టడం నీళ్ళు రాకముందు చేసే పని. వచ్చాక ఆ పనికి దిగితే ప్రాణాల మీదకు వస్తుంది. సార్వా కోతలు దగ్గర పడ్డవాళ్ళు రెండు రోజులు ఆగినా నష్టం లేదు, కోసిన పనలు తడిస్తేనే నష్టం. ఇప్పటికే కోసేసి ఉంటే బరకాలు సిద్ధం చేసుకోండి.

ఒక్క కోరిక ఉంది. వాన ఎంత పడుతుందో ఫోనుకి మెసేజీ వస్తోంది, సంతోషం. ఎగువన ఎంత పడింది, రెండు రోజుల తర్వాత కొల్లేటిలో నీరు ఎంత ఎత్తుకి వస్తుంది, ఏ లంకకి దారి తెగుతుంది అన్నది కూడా అలాగే ప్రతి ఇంటికీ రావాలి. వాన లెక్క కంటే లంకలో ఉన్న బాలింతకీ, మంచం పట్టిన ముసలాయనకీ పనికొచ్చేది ఆ లెక్కే. దారి ఉండగానే వాళ్ళని ఒడ్డుకు చేర్చొచ్చు.

అందాకా మన జాగ్రత్త మనదే. టీవీలో ‘వాయుగుండం బలహీనపడింది’ అని చెప్పిన రోజున సామాన్లు అటక మీద నుంచి దించేయకండి. ఇంకో నాలుగు రోజులు అక్కడే ఉంచండి.